ఆషాఢం ఆఫర్ చీరా, పాత పట్టుచీరా: ఏది మేలు?

పోయిన ఆషాఢంలో ఒకే వారంలో రెండు చోట్ల చీరలు కొన్నాను. ఒకటి హనుమకొండలో ఒక పెద్ద బట్టల షాపులో, సగం ధర అని రాసిన బోర్డు కింద. రెండోది హంటర్ రోడ్డు వైపు ఒక ఫంక్షన్ హాల్లో మూడు రోజులు పెట్టిన పాత చీరల సేల్‌లో. రెండు చోట్లా కాలు పెట్టే సందు లేదు. రెండు చోట్ల నుంచీ మంచి బేరం తగిలిందనుకుంటూనే ఇంటికొచ్చాను. ఏడాది తిరిగేసరికి వాటిలో ఒకటి బీరువా అడుగుకు చేరింది. ఇంకోటి ఏ పేరంటానికైనా, ఎవరింటి ఫంక్షన్‌కైనా ముందు చేతికొస్తోంది.

మా వదినె మొదలు ఆఫీసులో తోటివాళ్ల దాకా అందరూ ఏది మేలంటూ అడుగుతుంటారు. కట్టుకోవడానికైతే పాతది, ఒకరికి పెట్టడానికైతే కొత్తది. ఇదీ నా మాట. ఎందుకో చెప్తాను.

ముందు ఆషాఢం సంగతి. ఈ నెలలో ముహూర్తాలుండవు, పెళ్లిళ్లుండవు, షాపుల్లో గిరాకీ పడిపోతుంది. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు మొదలవుతాయి. అప్పటికి కొత్త సరుకు దించాలంటే ర్యాకులు ఖాళీ కావాలి. కాబట్టి తగ్గింపులో నిజం ఉంది, లేదనను. కానీ అదే కుప్పలో సేల్ కోసమే తెప్పించిన సరుకు కూడా కలుస్తుంది. నేను చూసినంతలో, ఒకే డిజైన్ పది రంగుల్లో వరసగా పేర్చి ఉంటే అది సేల్ సరుకే. ఒక్కటే పీసు ఉండి, కవర్ మాసి, మడత కొంచెం నలిగి ఉంటే అది నిజంగా షాపులో మిగిలిపోయిన సరుకు. వెతకాల్సింది ఆ నలిగినదాన్ని.

నేను ఆ రోజు అలా వెతకలేదు. వెనక నుంచి తోస్తున్నారు, పక్కన ఒకావిడ నా చేతిలో చీర కొంగు పట్టుకుని "మీరు తీసుకుంటున్నారా, లేదా?" అని అడుగుతోంది. 9,999 కొట్టేసి 4,999 అని రాసిన నీలం చీర, గులాబీ రంగు అంచు. ప్యూర్ పట్టు అన్నారు. టెన్షన్‌లో బిల్లు కట్టేశాను. ఇంటికొచ్చాక కొంగు చివర రెండు పోగులు లాగి వెలిగించాను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన రావాలి, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడైపోవాలి. నా చీర పోగు కరిగి, చివర నల్లటి గట్టి పూసలా ముద్దకట్టింది. పాలిస్టర్. తగ్గింపు ధరకు కొన్నవి మార్చరు, వాపసు తీసుకోరు. ఆ అక్షరాలు బిల్లు వెనకాల చిన్నగా ఉన్నాయి.

అక్కడ సిల్క్ మార్క్ లేబుల్ అడగకపోవడం నా తప్పు. కేంద్ర సిల్క్ బోర్డు ఆధ్వర్యంలో 2004 నుంచి నడుస్తున్న గుర్తు అది. అది ఉంటే చీరలో ఉన్నది అసలు పట్టని నమ్మొచ్చు. కాకపోతే అది పట్టుకే హామీ, జరీకి కాదు. ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోండి. ఆర్ట్ సిల్క్‌లో ఆర్ట్ అంటే కళ కాదు, ఆర్టిఫిషియల్‌ను పొట్టి చేసిన మాట. ఎంతమంది ఆ పేరు చూసి మురిసిపోయి కొంటారో! ఆ ట్యాగ్ చదివిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది.

ఇక పాత చీరల సేల్. హాల్లో టేబుళ్ల మీద కుప్పలు పోశారు. పట్టు ఒకవైపు, కాటన్ ఒకవైపు, సింథటిక్ చివర్న. ఇల్లు మారేవాళ్లు, పెద్దవాళ్లు పోయాక బీరువాలు ఖాళీ చేసేవాళ్లు, పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు ఇచ్చిన చీరలవి. ఇదివరకు ఇవన్నీ ఎక్కడికి పోయేవో మనకు తెలుసు. కాటన్‌వి స్టీలు గిన్నెల ఆమెకు, పట్టువి "పాత పట్టుచీరలు కొంటాం" అని గల్లీ గల్లీ తిరిగేవాళ్లకు. మంచి జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి, పైన సన్నగా బంగారు పూత పూసినది. ఆ కొనేవాళ్లకు కావాల్సింది ఆ వెండి మాత్రమే. నేత, రంగు, అంచు మీద హంసలు, ఎవరో నెల రోజులు మగ్గం మీద కూర్చుని నేసిన కష్టం, అన్నీ నిప్పుల్లో కాలిపోతాయి. మా అమ్మమ్మ పెళ్లి చీర అలాగే పోయింది. ఈ సేల్స్ నాకు ఇష్టం కావడానికి అది కూడా ఒక కారణం.

అక్కడ కూడా జనమే జనం. కానీ ఆ జనం మన దగ్గర లాక్కునేది వేరు. షాపులో తొక్కిసలాట వల్ల ట్యాగ్ చదివే తీరిక పోతుంది. పాత చీరల దగ్గర పోయేది వెలుతురు. పాత చీరకు వెలుతురే ప్రాణం. నేను ఎంచుకున్నవి నాలుగు చీరలు చెల్లెలి చేతికిచ్చి, ఒక్కొక్కటే పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. చీర విప్పి ఎండకు ఎదురుగా పట్టుకుంటే మడత గీతల వెంట సూది మొనలంత చిల్లులు వరసగా మెరుస్తాయి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు అక్కడే తెగుతుంది. రెండు బొటనవేళ్లతో మడత పక్కన పట్టుకుని మెల్లగా లాగి చూడాలి. గట్టి పట్టు సాగినట్టై మళ్లీ సర్దుకుంటుంది. చివికింది "జర్రు"మంటుంది. అలా జర్రుమన్న చీరను, ఎంత అందంగా ఉన్నా, వెంటనే కుప్పలో పెట్టేయాలి. మొదటి రెండూ అలాగే పోయాయి. నెమలికంఠం రంగు చీరను వదలడానికి మాత్రం మనసొప్పలేదు.

మూడోది గద్వాల చీర. మామిడిపండు రంగు ఒళ్లు, ఎర్రంచు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోట వేలు పెట్టి రాసుకుంటూ పోతే చిన్న గట్టులా తగులుతుంది, నూలు పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి పట్టుకున్న చోటు అది. మీటరు మీటరుకూ చూశాను, ఎక్కడా విడలేదు. భుజం దగ్గర పిన్నీసు గుచ్చిన గుర్తులు నాలుగైదు. కొంగు మీద గోరంత పసుపు మరక. ఏ తల్లో బొట్టు పెడుతూ కొంగుకు తుడుచుకున్న చెయ్యి. కుచ్చిళ్ల దగ్గర మడమ తగిలి ఒకచోట చిన్న చిల్లు. జరీ మాత్రం నల్లగా ఉంది.

ఈ నల్ల జరీ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ అది చూసే చీర వదిలేస్తారు. వెండి ఉన్న జరీ గాలి తగిలి, తేమ తగిలి నల్లబడుతుంది. రాగి జరీ ఎర్రబడుతుంది, ఒక్కోసారి పచ్చగా చిలుము పడుతుంది. ప్లాస్టిక్ జరీ ఎన్నేళ్లైనా అదే తళుకు. అంచు ఎక్కడైనా అరిగిన చోట చూడండి, లోపల ఎర్రదారం కనిపిస్తే పాతకాలపు మంచి జరీ అని ఆశ పెట్టుకోవచ్చు. తెల్లదారం కనిపిస్తే అనుమానించాలి. నా చీర అంచులో ఎర్రదారమే కనిపించింది. కుప్పలో తళతళలాడే చీరల కోసం పది చేతులు కొట్లాడుతుంటే ఈ నల్ల అంచు చీర అడుగున ఎవరికీ పట్టకుండా పడుంది.

"ఎంతకిస్తరక్కా?"

"పద్దెనిమిది వందలు, చెల్లె."

"మడమ కాడ చిల్లుంది, జూడు. జరీ నల్లగైంది. జాకెట్టు గుడ్డ గూడ లేదు."

ఆమె చిల్లులో వేలు పెట్టి చూసి నవ్వింది. "పదమూడు వందలియ్యి. ఇగ అడగకు."

నేను ఇక అడగలేదు. చిల్లు రఫ్ఫు చేయించకుండా కుచ్చిళ్ల లోపలికి పోయేలా కట్టుకుంటున్నాను. డ్రై క్లీనింగ్, రోలింగ్ కలిపి 350, ఫాల్ 120, వరంగల్ చౌరస్తాలో వెతికిన జాకెట్టు గుడ్డ 180. మొత్తం 1,950 రూపాయలు. పక్కన నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయల పాలిస్టర్ చీరను పెట్టి చూసుకోండి.

ఇంకో మేలు కూడా ఉంది. పాత చీర పోగొట్టుకోవాల్సిన రంగు ఎప్పుడో పోగొట్టుకుని వచ్చింది. ఎంత కుదించుకుపోవాలో అంతా కుదించుకుపోయింది. ఆ మిగిలిందే మనం కొంటాం, కాబట్టి మోసపోయేది తక్కువ. కొత్త చీర నాణ్యత మాత్రం ఉతికాక గానీ బయటపడదు. పోచంపల్లి చీర అసలుదా, ప్రింటా అని చూడ్డం కూడా పాతదాంట్లోనే సులువు. పోగుకే రంగద్ది నేసింది కాబట్టి వెనకా ముందూ డిజైన్ ఒకేలా ఉంటుంది, గీతల చివర్లు కాస్త ఈకల్లా చెదిరి కనిపిస్తాయి. ప్రింటైతే వెనకవైపు వెలిసిపోయి ఉంటుంది. పాత కుప్పలో ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

అయితే మా అమ్మ అభ్యంతరాన్ని నేను పక్కన పెట్టలేను. చీర చూడగానే "ఎవరు కట్టి ఇడిచిందో, సచ్చినోళ్లదో ఏందో, ఏం జేసుకుంటవ్ బిడ్డా?" అంది. ఆమె మాటలో భయం ఉంది, ఆనవాయితీ ఉంది. నేను వాదించలేదు. పూజలో కూర్చునేటప్పుడు అది కట్టుకోను. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడు పెట్టే చీర కొత్తదే కావాలి, మడత విప్పనిదే కావాలి. అక్కడ పాత చీర ఎంత అసలు పట్టైనా పనికిరాదు. ఆడబిడ్డ మనసు నొచ్చుకుంటుంది, అది ధరతో తూచేది కాదు. ఇంట్లో రెండు మూడు ఒడిబియ్యాలున్న ఏడాది ఆషాఢం సేల్ నిజంగా అక్కరకొస్తుంది. అప్పుడు కూడా నెల మొదట్లోనే పొండి, మధ్యాహ్నం పొండి, శాతం చూడకండి, చేతి నుంచి పోయే డబ్బు చూడండి. షాపు పసుపు లైట్ల కింద రంగు నిర్ణయించుకోకుండా గుమ్మం దాకా తీసుకెళ్లి చూపించమనండి. సేల్స్ అమ్మాయిలు విసుక్కోరు, రోజంతా నిలబడి ఉండే వాళ్లతో మర్యాదగా అడిగితే వాళ్లే మంచి పీసు తీసిపెడతారు.

పాత చీరల సేల్‌కు ఏ టైముకు వెళ్లాలన్నది ఇంకో చర్చ. మొదటి రోజు పొద్దున ఎంపిక ఎక్కువ, ధర దిగదు. చివరి సాయంత్రం ధర సగానికి దిగుతుంది, మిగిలేవి మడతల్లో చివికినవి. ఒక్కో చీరా ఒక్కటే ఉంటుంది కాబట్టి పోయినది మళ్లీ దొరకదు. నాకు కలిసొచ్చింది రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటలు. జనం భోజనాలకు పోతారు, కిటికీల్లో ఎండ ఉంటుంది. ఇద్దరు వెళ్లాలి. ఒకరు వెతకాలి, ఒకరు పట్టుకుని నిలబడాలి. కింద పెట్టిన చీర ఇక మనది కాదు.

ఆ కుప్పల పక్కనే ఎవరూ చూడని ఒక జంపఖానా చుట్ట కనిపించింది. వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీ అని అమ్మే ఆమె చెప్పింది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఇప్పుడు మన ఇళ్లలో ఎంతమంది పరుచుకుంటున్నారు? బట్టల కోసం పోయినా సరే, అలాంటిది కనిపిస్తే వదలకండి. ఎన్ని ఉతుకులకైనా ఆగుతుంది.

రోజూ కట్టుకునే కాటన్‌కు మాత్రం ఈ రెండు దారులూ వద్దంటాను. పాత కాటన్ మెత్తగా ఉంటుంది కానీ ఏడాదికి మించి నిలవదు. ఆఫర్ కాటన్‌లో గంజే ఎక్కువ. ఆగస్టు 7 చేనేత దినోత్సవం చుట్టుపక్కల పెట్టే చేనేత ప్రదర్శనల్లో నేసినవాళ్ల దగ్గరే కొనుక్కుంటే డబ్బు ఎవరికి చేరాలో వాళ్లకే చేరుతుంది.

పాత పట్టుచీర అన్నిటికంటే మేలనిపించేది పిల్లల విషయంలో. మడతల్లో చివికిందని పక్కన పెట్టే చీరలో కూడా మడతకూ మడతకూ మధ్య గుడ్డ గట్టిగానే ఉంటుంది. ఆ ముక్కలతో ఎనిమిదేళ్ల పిల్లకు లంగా, జాకెట్టు కుట్టించొచ్చు. బతుకమ్మకు కొత్త పట్టులంగా కొంటే మరుసటి ఏడాదికి పొట్టైపోతుంది. నేను నాలుగో చీరను ఆరు వందలకు తెచ్చింది అందుకే. ముదురాకుపచ్చ, మెరూన్ అంచు, మూడు చోట్ల చిరుగు. మా టైలర్ చిరుగులన్నీ తప్పించి, అంచు చెడకుండా, కింద రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టాడు. వచ్చే ఏడాది ఆ మడత విప్పి పొడుగు చేయొచ్చు. మా పాప ఆ లంగా వేసుకునే వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడింది.

కొంగు మాత్రం కోయనివ్వలేదు. ఉతికిన తెల్ల మల్లు గుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చి పెడుతున్నాను.