ముళ్ళతోక ఎడారి బల్లికి ఆర్కేడియా ప్రోటీ5 లైటు: ఏది కొనాలి, ఎలా బిగించాలి

అమెరికాలో యూరోమాస్టిక్స్ అనే ముళ్ళతోక ఎడారి బల్లిని పెంచే ఇళ్ళలో తొట్టెకూ రాళ్ళకూ బాగానే ఖర్చు పెడతారు, లైటు దగ్గరికి వచ్చేసరికి చేయి ముడుస్తారు. ఈ బల్లి విషయంలో అది తలకిందుల లెక్క. సహారా, అరేబియా ఎడారుల్లో నడినెత్తిన ఎండలో కూర్చునే జీవి ఇది. చర్మం మీద యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) పడితేనే ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది, డీ3 ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకు పడుతుంది. ఆ యూవీబీ కోసం దొరుకుతున్న వాటిలో ఆర్కేడియా ప్రోటీ5 కిట్ మా మొదటి ఎంపిక. కానీ బిగించే తీరు తప్పితే ఎంత మంచి ట్యూబైనా దండగే.

ట్యూబు, దాన్ని వెలిగించే బల్లాస్టు, రిఫ్లెక్టరు, క్లిప్పులు అన్నీ కిట్‌లోనే వస్తాయి. అసలు బలం రిఫ్లెక్టరుదే, పైకి పోయే వెలుగును అది కిందికి మళ్ళిస్తుంది. 24 వాట్ల ట్యూబు 22 అంగుళాలు, 39 వాట్లది 34, 54 వాట్లది 46 అంగుళాల పొడవు ఉంటాయి. ఆర్నేట్, మాలి రకాలకు వాడే నాలుగడుగుల తొట్టెకు 39 వాట్లది సరిపోతుంది. ఆరడుగులు, ఆపైన తొట్టె కావలసిన ఈజిప్షియన్ రకానికి 54 వాట్లది తీసుకోండి. తొట్టె చివరిదాకా ట్యూబు పరచకూడదు. దాదాపు మూడో వంతు నీడ ఉండాలి, ఎండ చాలనుకున్నప్పుడు బల్లి అక్కడికి పోతుంది.

ట్యూబు యూవీబీ బలాన్ని శాతంలో చెబుతారు. 12 శాతమా, 14 శాతమా అన్నది మధ్యలో జాలీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. రెండడుగుల ఎత్తు తొట్టెలో పైకప్పుకు లోపలివైపు బిగిస్తే 12 శాతం చాలు. బల్లి ఎక్కి ఎండ కాచుకునే రాయిని పేర్చుకుంటూ వచ్చి, బల్లి వీపుకూ ట్యూబుకూ మధ్య 12 నుంచి 15 అంగుళాలు ఉండేలా చూడండి. జాలీ మీద పెడితే యూవీబీలో సుమారు మూడో వంతు అక్కడే పోతుంది, అప్పుడు 14 శాతం ట్యూబు వాడాలి, లేదా రాయిని ఇంకా పైకి లేపాలి. అద్దం మూత మీద పెడితే ఏ ట్యూబైనా ఒకటే, యూవీబీ దాదాపు ఏమీ దిగదు.

కచ్చితంగా తెలియాలంటే యూవీ ఇండెక్సు చూపే సోలార్‌మీటర్ 6.5 అనే మీటరుతో కొలవాలి. ఆ మీటరు లైటు కన్నా ఖరీదు, నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే మేలు. లైటు వేసిన అరగంట తర్వాత, నేల దగ్గర కాకుండా బల్లి వీపు ఎత్తులో పట్టుకుని చూడండి. యూవీ ఇండెక్సు 4 నుంచి 6 మధ్య ఉంటే బాగున్నట్టు. బల్లి కళ్ళు మూసుకుని ఉంటున్నా, లైటు కిందికే రాకపోయినా దూరం పెంచి మళ్ళీ కొలవండి.

ఈ ట్యూబు రాయిని వేడెక్కించేంత వేడి ఇవ్వదు. పక్కనే హాలోజన్ ఫ్లడ్ బల్బు పెట్టి, రెండు వెలుగులూ ఒకే రాయి మీద పడేలా చూడాలి. చాలామంది తప్పేది ఇక్కడే: వేడి ఒక మూల, యూవీబీ ఇంకో మూల పెడతారు. బల్లి వేడి దగ్గరే కూర్చుంటుంది, యూవీబీ ఖాళీ నేల మీద పడుతుంది. రాయి మీద 120 నుంచి 130 ఫారన్‌హీట్ (49–54 సెల్సియస్) ఉండాలి, చల్లటి వైపు 80–85 చాలు. గోడకు అతికించే గుండ్రటి థర్మామీటరు రాయి వేడి చెప్పదు, ఇన్‌ఫ్రారెడ్ గన్నుతో చూడండి. వేడీ యూవీబీ ఒకేసారి ఇచ్చే మెర్క్యురీ వేపర్ బల్బు ఉంది కదా అంటారు. దాన్ని డిమ్మరుతో తగ్గించలేం, రెండడుగుల తొట్టెలో అంత దగ్గర నుంచి పడితే ప్రమాదం. మెలికల కాంపాక్ట్ బల్బు వెలుగు ఈ బల్లి ఒళ్ళంతా కప్పదు, అది వద్దు. జూమెడ్ రెప్టిసన్ 10.0 టీ5 హెచ్‌ఓ మాత్రం మంచి ట్యూబే, ప్రోటీ5 దొరకకపోతే నిశ్చింతగా తీసుకోండి.

కిట్‌లో ఒక లోటు ఉంది. ట్యూబుకు కాపలా జాలీ లేదు. ఆర్నేట్లు బాగా ఎక్కుతాయి, వెలుగుతున్న ట్యూబుకు ఒళ్ళు తగిలితే కాలుతుంది. వెనక గోడ నుంచి ట్యూబు అందని చోట బిగించాలి.

లైటు ఎంత మంచిదైనా పెట్టే ఆకుకూర తప్పైతే లాభం లేదు. పాలకూర, తోటకూర, గోంగూర మన వంటింట్లో ఎప్పుడూ ఉంటాయి గనుక వాటినే వేస్తుంటారు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. ఆవాకు, కొలార్డ్, డాండెలయన్, ఎండైవ్ పెట్టండి, పైన కాస్త కాల్షియం పొడి చల్లండి. కొర్రలు, నానబెట్టని ఎర్ర కందిపప్పు అప్పుడప్పుడు వేయొచ్చు. దవడ మెత్తబడినా, కాళ్ళు వణికినా లైటు మార్చి చూద్దామని ఆగకండి, సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్ళండి.

ఇండియాలో ఉన్న బంధువులు అడిగితే ఒక్కటే మాట చెప్పండి: థార్, కచ్ఛ్ ప్రాంతాల్లో ఉండే మన ముళ్ళతోక బల్లి సాండా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జీవి. పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే.

ట్యూబు కంటికి వెలుగుతూనే ఉంటుంది, యూవీబీ మాత్రం తగ్గిపోతూ వస్తుంది. బిగించిన నెలను ట్యూబు చివర మార్కరుతో రాసి పెట్టుకుని, మీటరు లేనివాళ్ళు ఏడాదికి మార్చేయండి. పాతది చెత్తబుట్టలో వేయకండి, లోపల పాదరసం ఉంటుంది. మీ కౌంటీ హానికర వ్యర్థాల కేంద్రంలో తీసుకుంటారు.