పొగమంచా, పొద్దుపొడుపా? విశాఖ చలికాలంలో ఏది మేలు

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే నాకు ఒకే ప్రశ్న నాలుగు వైపుల నుంచీ వస్తుంది. ఆఫీసులో అడుగుతారు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో అడుగుతారు, హైదరాబాదు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి మరీ అడుగుతుంది: "వదినా, రెండు రోజులు సెలవు దొరికింది. లంబసింగి వెళ్దామా, బీచ్‌తో సరిపెట్టుకుందామా?" మూడేళ్ళ క్రితం వరకూ ఆలోచించకుండా, పొగమంచుకి పేరుపడ్డ ఆ కొండ ఊరు లంబసింగే అనేసేదాన్ని. ఇప్పుడు అంత తొందరగా చెప్పలేను.

ముందు ఒక మాట. మన ఊళ్ళో చలికాలాన్ని భారం చేసేది చలి అని నేననుకోను. సముద్రం పక్కనుంటే చలి ఎంతని ఉంటుంది, తెల్లవారుజామున ఒక శాలువా కప్పుకుంటే తీరిపోతుంది. భారమల్లా పొద్దు చాలకపోవడమే. "పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదు" అని మా నాయనమ్మ అంటుండేది. డిసెంబరు 21న విశాఖలో సూర్యుడు దాదాపు 6.23కి వస్తాడు, సాయంత్రం 5.27కల్లా వెళ్ళిపోతాడు. అంటే పగలు పదకొండు గంటల మీద నాలుగైదు నిమిషాలు. జూన్‌లో అయితే పదమూడు గంటలు దాటుతుంది. ఆ రెండు గంటల తేడా ఆఫీసుకెళ్ళేవాళ్ళకి బాగా తెలుస్తుంది. ఆరింటికి బయటపడేసరికి చీకటి, ఇంటికొచ్చి ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే రోజు అక్కడితో అయిపోయినట్టే.

సంక్రాంతి వస్తే పగళ్ళు పెరుగుతాయి కదా అంటారు. పెరుగుతాయి, కాకపోతే ఆ పెరిగేదంతా సాయంత్రం వైపే. పొద్దున మాత్రం ఇంకా వెనక్కే జరుగుతుంది. జనవరి మధ్యకి సూర్యోదయం 6.31 అవుతుంది. ఉత్తరాయణం వచ్చాక కూడా తెల్లవారడం లేదేమిటా అని మీకు అనిపిస్తే, అది భ్రమ కాదు.

మా అమ్మాయి ఉద్యోగానికి పుణె వెళ్ళిన మొదటి చలికాలం నాకు చాలా కష్టంగా గడిచింది. నిద్ర లేవబుద్ధి కాదు, లేచినా ఏ పనీ తెమలదు. అప్పుడే మావారు రెండుసార్లు లంబసింగి తీసుకెళ్ళారు. ఆ ఏడాదే నేను బీచ్‌కి వెళ్ళడం కూడా మొదలుపెట్టాను. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పగలుగుతున్నాను.

లంబసింగి గొప్పదనం గొప్పదనమే. విశాఖ నుంచి నర్సీపట్నం మీదుగా సుమారు 130 కిలోమీటర్లు. వెయ్యి మీటర్ల దరిదాపు ఎత్తులో ఉంటుంది. దాన్ని కొర్రబయలు అని కూడా పిలుస్తారు. రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందట. కొన్నేళ్ళు అక్కడ ఉష్ణోగ్రత సున్నా దాకా దిగిందని వార్తలు చదివాం. రోడ్డు మీద ఎదుటి మనిషి కనపడనంత మంచు, చలిమంట చుట్టూ చేతులు చాపుకుని నిలబడ్డ కొత్తవాళ్ళు, పక్కనే తాజంగి చెరువు మీద పొగలా లేచే ఆవిరి. చూసి తీరాల్సిందే. నాకు అన్నింటికన్నా నచ్చింది మాత్రం స్ట్రాబెర్రీ తోట. అప్పుడే కోసిన పండు చేతిలో చల్లగా ఉంటుంది, కొరికితే పులుపూ తీపీ కలిసి వస్తాయి. బజారులో ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే పండుకి ఆ రుచి లేదు.

కష్టమంతా వెళ్ళి రావడంలో ఉంది. మంచు చూడాలంటే ఏడులోపు అక్కడుండాలి, అంటే ఇంట్లో రాత్రి రెండింటికే బయల్దేరాలి. మేం మొదటిసారి ఆదివారం వెళ్ళాం. అద్దె కారు గంట ఆలస్యంగా వచ్చింది, ఘాట్ రోడ్డు మీద ముందంతా కార్ల ఎర్రలైట్లే. మేం చేరేసరికి ఎండొచ్చేసింది. రెండోసారి బుధవారం వెళ్తే మంచు నిండుగా దొరికింది. తిరిగొచ్చాక మాత్రం రెండు రోజులు ఒళ్ళు నొప్పులు, శుక్రవారం నుంచి మళ్ళీ అదే మగత. నాలుగు గంటల ఆనందం కోసం మూడు రోజులు ఖర్చయ్యాయి. దాంతో మళ్ళీ ఎప్పుడు వెళ్దామా అన్న ఆలోచనే రాలేదు.

నా లెక్కలో తేల్చేది ఇదే: రేపు కూడా చెయ్యగలనా? చలికాలం నెలన్నర ఉంటుంది. అందులో ఒక్క రోజు ఎంత వెలిగినా మిగతా నలభై నాలుగు రోజుల చీకటి అలాగే ఉంటుంది. మామూలు మంగళవారం నాడు, ఆఫీసుకి వెళ్ళే ముందు, ఎవరినీ అడగకుండా, సెలవు పెట్టకుండా చెయ్యగలిగేది కావాలి.

బీచ్ అలాంటిది. మా ఇంటి నుంచి స్కూటీ మీద పది నిమిషాలు. ఆరు దాటుతుండగా ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి కాస్త అవతల గట్టు మీద కూర్చుంటాను. పొద్దున పూట ఆ రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు కాబట్టి అలల చప్పుడు బాగా వినిపిస్తుంది. మంకీ క్యాపులు పెట్టుకున్న పెద్దవాళ్ళు గుంపులుగా నడుస్తుంటారు. వాళ్ళలో సగం మంది ఇప్పుడు నన్ను పలకరిస్తారు. "ఏమ్మా, నిన్న రాలేదు?" అని ఒకాయన అడిగిన రోజు నేను ఇంటికెళ్ళే దాకా ఆ మాటే తలుచుకున్నాను.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మన తీరం తూర్పుకి తిన్నగా తిరిగి లేదు, ఆగ్నేయానికి తిరిగి ఉంది. ఎండాకాలంలో సూర్యుడు ఎడమ చేతి వైపు, కైలాసగిరి దిక్కుగా జరిగి వస్తాడు, మెడ తిప్పి చూడాలి. చలికాలంలో దక్షిణానికి జరుగుతాడు కాబట్టి దాదాపు మన ఎదురుగా, నడి సముద్రంలోంచి లేస్తాడు. ఆ వెలుగు దారి నీళ్ళ మీదుగా తిన్నగా మన కాళ్ళ దాకా వస్తుంది. పొద్దు అతి తక్కువగా దొరికే నెలల్లోనే అది ఇంత ఎదురుగా దొరకడం మన ఊరి అదృష్టం.

గాలి కూడా అప్పుడు వేరుగా ఉంటుంది. రాత్రంతా చల్లబడ్డ నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి చలి వీపుకి తగులుతుంది, ముఖానికి ఎండ తగులుతుంది. చెప్పులు విప్పి నీళ్ళలో కాలు పెడితే వెచ్చగా ఉంటుంది. సముద్రం నేలంత తొందరగా చల్లబడదు, అందుకే గాలి కన్నా నీరే వెచ్చన. చీలమండ దాటి లోపలికి మాత్రం వెళ్ళకండి. ఆ అలలు కాళ్ళ కింద ఇసుకని లాగేస్తాయి, ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

బీచ్‌కి లోపం లేదని అనను. చలికాలంలో ఊరి పొగా దుమ్మూ పైకి పోలేక కిందే పేరుకుంటాయి. చాలా రోజులు సముద్రం అంచున బూడిదరంగు తెర ఉంటుంది, సూర్యుడు ఆ తెర దాటి కనపడేసరికి చెప్పిన టైముకి పది నిమిషాలు ఎక్కువే అవుతుంది. అప్పుడు కుంకుమ బొట్టులా, కళ్ళు చిట్లించకుండా చూడగలిగేటట్టు వస్తాడు. నాకు అదీ ఇష్టమే, ఆస్తమా ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తపడాలి. లంబసింగి గాలికి దీనికీ పోలిక లేదు.

అయినా ఆ అరగంట పగటి వెలుతురు నాకు మందులా పనిచేసింది. పొద్దున వెలుగు కంటికి తగిలితే లోపలి గడియారం సర్దుకుంటుందంటారు. పదిహేను రోజులు వెళ్ళేసరికి రాత్రి పదిన్నరకే నిద్ర రావడం మొదలైంది, పొద్దున అలారం అవసరం పోయింది.

ఇక బీచ్‌కి పట్టుకెళ్ళే కాఫీ ఫ్లాస్కు. ఇందులో నాకొక సొంత పద్ధతి కుదిరింది. మన్యంలో కాఫీ పండ్లు కోసేది ఈ చలి నెలల్లోనే. అవి ఎండి, పొట్టు తీసి, వేగి మన దాకా రావడానికి టైము పడుతుంది కాబట్టి ఇప్పుడు మనం తాగేది పోయినేటి పంట. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికాని చికోరీ కలపకుండా కొనుక్కుంటాను, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణంలో దొరుకుతుంది. పాలు పొయ్యను. చిక్కటి డికాషన్‌లో వేడినీళ్ళు కలిపి, అనకాపల్లి కొత్త బెల్లం చిన్న ముక్క, చిటికెడు శొంఠిపొడి వేస్తాను. పాలతో తాగేవాళ్ళు బెల్లం వేసి మరిగించకండి, విరిగిపోతుంది. వాళ్ళకి చికోరీ కలిపిన పొడీ పంచదారే నయం, ఫ్లాస్కులో రెండు గంటలున్నా చిక్కదనం పోదు.

పక్కన తినడానికి తేగలా, మాడుగుల హల్వానా అని కూడా అడుగుతుంటారు. హల్వా బాగుంటుంది, కానీ అది ఏడాది పొడుగునా దొరుకుతుంది. తేగ ఈ రెండు మూడు నెలలే. తాటిపండు తిని పడేసిన టెంకలు ఇసుకలో పాతితే చలికాలానికి మొలకెత్తి తేగలవుతాయి. భీమిలి రోడ్డులో కాల్చినవి కట్టలుగా అమ్ముతారు. పొట్టు తీసి, నిలువునా చీల్చి, లోపలి చందమామ ముందు తినేసి, మిగతాది పీచు లాక్కుంటూ నమలాలి. ఒక తేగ నమిలేసరికి పొద్దు బారెడెక్కుతుంది. నా ఓటు తేగకే.

పాడేరు దగ్గరి వంజంగి కొండ గురించి అడిగేవాళ్ళకి: కాళ్ళ కింద మేఘాలు నిజంగానే కనిపిస్తాయి, మోకాళ్ళు బాగుంటే పాడేరులో రాత్రి ఉండి వెళ్ళండి. అరకు రైలు పిల్లలున్నవాళ్ళకి బాగుంటుంది, అద్దాల పెట్టెకి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. అరకు పొలాల్లో పచ్చగా పూసే వలిసె పూల కోసమైతే డిసెంబరు చివరి దాకా ఆగకండి, అప్పటికి రాలిపోతాయి.

ఇంటికి చుట్టాలొచ్చి, వాళ్ళు అసలు మంచే చూడనివాళ్ళయితే లంబసింగికే పంపిస్తాను, అదీ సోమవారం నుంచి గురువారం లోపు. ఊళ్ళోనే ఉండి, ఈ చీకటి రోజులు బరువుగా ఉన్నాయనేవాళ్ళకి మాత్రం బీచ్ అనే చెప్తాను. ఒక్కసారి వెళ్ళి ఏమీ తేడా లేదనకండి, వరసగా పది రోజులు వెళ్ళండి.

ఈసారి ఆడపడుచు ఐదు రోజులకి వస్తోంది. బుధవారం ఒక్కటీ లంబసింగికి, మిగతా నాలుగు పొద్దులూ నాతో గట్టు మీద. తను పాలు లేనిదే కాఫీ తాగదు. అందుకని నిన్న ఇంకో ఫ్లాస్కు కొన్నాను.