గయానా: కైటూర్ జలపాతానికి పెట్టిన డబ్బు సార్థకం, హోటళ్ళకి పెట్టింది దండగ

అమెరికాలో ఉన్న మనవాళ్ళెవరైనా గయానా వెళ్దామనుకుంటుంటే ముందే చెప్తున్నా, చిన్న దేశం కదా చవగ్గా అయిపోతుందిలే అనుకోకండి. మ్యాప్‌లో బ్రెజిల్ పక్కన చిన్నగా కనిపిస్తుంది కానీ విస్తీర్ణం 2.15 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. జనం మాత్రం 8 లక్షల పైచిలుకే, వాళ్ళలోనూ ఎక్కువమంది సముద్రం ఒడ్డున సన్నటి పట్టీలోనే ఉంటారు. వెనకంతా అడవి, బంగారం, బాక్సైట్ గనులు.

2015లో సముద్రంలో చమురు పడింది, 2019 చివర్లో తీయడం మొదలైంది, ఇక రాజధాని జార్జ్‌టౌన్‌లో గది అద్దెలు కంపెనీ ఖర్చు మీద వచ్చేవాళ్ళకి తగ్గట్టు అయిపోయాయి. మేం ముందు దిగిన హోటల్లో లాబీ ఘనంగానే ఉంది, గదిలో ఏసీ నుంచి నీళ్ళు కారుతుంటే బకెట్ పెట్టి వెళ్ళారు, అంతే! మర్నాడే ఖాళీ చేసి ఒక పాత చెక్క మేడలో నడిపే గెస్ట్‌హౌస్‌కి మారాం. సగం అద్దె, పొద్దున్నే వేడి బేక్స్ (మన పూరీకి కాస్త మందపాటి చెల్లెలు), పైగా ఇంటావిడ ఊరి సంగతులన్నీ చెప్పేది. కుళాయి నీళ్ళు ఎర్రగా వస్తాయి, స్నానానికి పర్లేదు, తాగడానికి మాత్రం బాటిల్ కొనుక్కోవాల్సిందే.

పోటు వేళ ఊరు సముద్ర మట్టం కన్నా కిందుంటుంది. డచ్చివాళ్ళ కాలం నాటి కాలవలు, వాటి చివర కోకర్ అనే తలుపులు. ఆటు వేళ తెరిచి ఊళ్ళో నీటిని సముద్రంలోకి వదులుతారు, పోటు వచ్చేలోగా మూసేస్తారు. సాయంత్రం సీవాల్ (సముద్రాన్ని ఆపే గోడ) మీద నడిస్తే ఒక పక్క సముద్రం, రెండో పక్క దానికన్నా పల్లంలో ఇళ్ళు! సెయింట్ జార్జ్ కథీడ్రల్ చెక్కతో కట్టిన పెద్ద చర్చి, అరగంట చాలు. స్టాబ్రోక్ మార్కెట్ దగ్గర జేబులు జాగ్రత్త. మినీబస్సులు చవక, పాటల మోత భరించగలిగితే. చీకటి పడ్డాక మాత్రం నంబర్ ప్లేటు ‘హెచ్’తో మొదలయ్యే పసుపు టాక్సీయే ఎక్కండి.

ఇక కైటూర్. ఓగుల్ విమానాశ్రయం నుంచి చిన్న సెస్నా విమానంలో గంట ప్రయాణం, మనిషికి 200 అమెరికన్ డాలర్ల పైనే. సీట్లు నిండకపోతే, మబ్బు పట్టినా, రద్దు చేస్తారు, కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందు రోజు పెట్టుకోకండి. పోటారో నది 226 మీటర్లు ఒక్క దూకులో పడుతుంది, నయాగరాకి నాలుగు రెట్లు. అంచున కంచె లేదు, టిక్కెట్ కౌంటర్ల గోల లేదు. గైడ్ ఒక పెద్ద బ్రొమీలియాడ్ మొక్క ఆకుల మధ్య నిలిచిన నీళ్ళలోకి చూపించాడు, గోరంత బంగారు కప్ప! ఆ మొక్కలోనే దాని బతుకంతా.

తిండికి శాకాహారులకి ఇబ్బంది లేదు. దాల్ పూరీ, ఫులౌరీ (పప్పు పిండితో వేసే పకోడీల్లాంటివి) ఎక్కడైనా దొరుకుతాయి. పూజలకీ పెళ్ళిళ్ళకీ తామరాకులో అన్నం, ఏడు కూరలు వడ్డిస్తారు, ఎవరైనా పిలిస్తే వదులుకోవద్దు. 1838 మే 5న దిగిన తొలి ఓడలతో మొదలుకొని ఇండియా నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చిన కూలీల సంతతే ఇప్పుడు ఇక్కడ అతి పెద్ద వర్గం. ఎక్కువమంది యూపీ, బీహార్‌ల నుంచి వచ్చినా, మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. దేశానికి తూర్పున బెర్బీస్ వైపు ఒక కాళీమాయి గుడిలో వేపమండలు, పసుపు నీళ్ళు, తప్పెట దరువు చూసి మా అమ్మ “ఇది మనూరి జాతరేనే” అంది. అక్కడివాళ్ళకి తెలుగు, అరవం రావు, అంతా క్రియోలీజ్, అంటే వాళ్ళ మాండలికపు ఇంగ్లీషే. టాక్సీ డ్రైవర్‌తో క్రికెటర్ చందర్‌పాల్ పేరెత్తండి, ఇంక దారంతా కబుర్లే.

మే నుంచి జులై దాకా, మళ్ళీ డిసెంబరు, జనవరిల్లో వానలు. బ్రెజిల్ సరిహద్దులో ఉన్న లెథెమ్ ఊరి వైపు మట్టి రోడ్డు ఆ రోజుల్లో అసలు పనికిరాదు. ఫిబ్రవరి, మార్చి, లేదా సెప్టెంబరు, అక్టోబరు చూసుకోండి. గయానా నుంచి నేరుగా ఇండియా వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి, లేకపోతే మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ తప్పదు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి.