పిల్లలతో హెరాన్ దీవికి: ఆటుపోట్ల లెక్క

ఆస్ట్రేలియాలోని గ్లాడ్‌స్టోన్ నుంచి పడవలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. గ్రేట్ బ్యారియర్ రీఫ్ (సముద్రంలోని పగడపు దిబ్బల వరుస) దక్షిణ కొసన ఉన్న ఈ పగడపు దీవి పొడవు సుమారు 800 మీటర్లు. ముప్పావుగంటలో చుట్టి రావచ్చు. ఉన్నది ఒక్కటే రిసార్టు, పక్కన క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం. ఖర్చు ఎక్కువే. కానీ ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే రీఫే. ఉత్తరాన ఉన్న కెయిర్న్స్ పట్టణంలో ఉంటే రీఫ్ చూడాలనుకున్నప్పుడల్లా పడవెక్కాలి. చిన్నపిల్లలున్న ఇంటికి ఈ తేడా చాలా పెద్దది.

దిగగానే ఆటుపోట్ల పట్టిక ఫొటో తీసి పెట్టుకోండి. రోజంతా దాని మీదే నడుస్తుంది. స్నార్కెల్‌కి (గొట్టంతో ఊపిరి తీస్తూ నీళ్ళ మీద తేలి కిందికి చూడటానికి) పోటు వేళ, రీఫ్ మీద నడకకి ఆటు వేళ. తారుమారైతే నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు, పొట్ట గీసుకుంటుంది, పగడం విరుగుతుంది. ఈ వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. కనీసం మూడు రాత్రులు ఉంటేనే రెండూ తీరిగ్గా కుదురుతాయి.

రీఫ్ నడకకి మందపాటి అడుగున్న పాత బూట్లు, ఊతకర్ర కావాలి. ఆటు పూర్తిగా దిగడానికి గంట ముందు బయల్దేరి, నీళ్ళు తిరగగానే వెనక్కి రావాలి. ఇసుక ఉన్నచోటే అడుగు వేయాలి. శంఖాల్ని పిల్లలు ముట్టుకోకూడదు: కోన్ శంఖం విషపు ముల్లు ప్రాణం తీయగలదు.

తాబేళ్ళ కోసం వెళ్ళేవాళ్ళకి జనవరి ఆఖరు, ఫిబ్రవరి నెలలు మంచివి. గుడ్లు పెట్టే తల్లులూ, బయటికొచ్చే పిల్లలూ ఒకే వారంలో కనిపించవచ్చు. ఇక్కడా పోటుదే పెత్తనం. ఆటు వేళ రీఫ్ మీదుగా పాకడం కష్టం కనుక తల్లి తాబేలు ఎక్కువగా రాత్రి పోటు చుట్టుపక్కలే ఒడ్డుకొస్తుంది. అది గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా టార్చి వేయకుండా, కదలకుండా, దూరంగా కూర్చోవాలి. వెలుగు పడితే చాలాసార్లు గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. పుట్టిన పిల్లలు వెలుతురు ఉన్న దిక్కునే సముద్రం అనుకుంటాయి, టార్చి వేస్తే దారి తప్పుతాయి. వాటిని చేత్తో ఎత్తి నీళ్ళలో వదలకండి, ఎంత జాలేసినా సరే.

ఆ నెలల్లో పక్షులతో చిక్కే. పిసోనియా చెట్ల మీద వేలకొద్దీ బ్లాక్ నాడీ పక్షులు గూళ్ళు కడతాయి. టోపీ లేకుండా కిందకి వెళ్తే రెట్ట పడుతుంది. షియర్‌వాటర్ పక్షులు నేలలో బొరియలు చేసుకుని, రాత్రంతా పసిబిడ్డ ఏడుపులా అరుస్తాయి. చెవిలో పెట్టుకునే దూదీ, బయల్దేరేముందు పిల్లలకి ఈ అరుపుల గురించి ఒక మాటా అవసరం. రెయిల్ పక్షులు బల్ల మీది తిండి లాక్కుపోతాయి.

కిరాణా కొట్టు లేదు. శాకాహారులు గది బుక్ చేసేటప్పుడే వంటవాళ్ళకి చెప్పి ఉంచాలి. సముద్రం పడనివాళ్ళు పడవెక్కడానికి గంట ముందే మాత్ర వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసినా నిలవదు. ఈత రాని, ఆరేళ్ళలోపు పిల్లలుంటే ఇంత ఖర్చు ఇప్పుడే పెట్టకుండా రెండేళ్ళు ఆగడం మంచిది.