నోటిపాటా, కాగితం పాటా: బడి కోసం వేలం పెడితే ఏది మేలు?

సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి ఇదే ప్రశ్న. బడికి డబ్బు కూడబెట్టడానికి మా ఊళ్లో పెట్టిన వేలం సంగతి విని అమలాపురం నుంచి ఒకరు, పాలకొల్లు నుంచి ఇద్దరు, ఆఖరికి మా చిన్నత్త కూడా ఫోన్ చేసింది. "మేమూ మా బడికి పెట్టుకుందాం అనుకుంటున్నామే, మైకులో పాడించాలా, మీలాగా కాగితాల మీద రాయించాలా?" అని. రెండూ చూశాను కాబట్టి చెప్తాను. పోయినేడు మొత్తం నోటిపాటే. ఈ ఏడు ఒక్కదానికి తప్ప అన్నిటికీ కాగితం పాట, అంటే వస్తువు ముందున్న కాగితం మీద ఎవరి రేటు వాళ్లు రాసి పెంచుకుంటూ పోవడం. రెండుసార్లూ కనుమ రాత్రే పెట్టారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఊరొచ్చినవాళ్లంతా దొరికేది ఆ రోజే. పదో తరగతి స్నేహితురాళ్లం అయిదుగురం పిల్లల్ని అమ్మమ్మలకి అప్పజెప్పి, రెండేళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం.

వేలం అంటే ఏంటో గోదావరి జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. చెరువు పాట, కొబ్బరితోట పాట, చీటీ పాట, చవితి లడ్డూ పాట చూస్తూ పెరిగాం. అందుకే బడికి వేలం అనగానే కమిటీలో మగవాళ్లకి మైకే గుర్తొస్తుంది. "సర్కారు పాట వెయ్యి నూట పదహార్లు, ఒకటోసారి..." సర్కారు పాటంటే వేలం మొదలుపెట్టే రేటు.

మైకు బలం మైకుదే, కాదనను. ఆ బలం పేరు రోషం. హైదరాబాదులో బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. అంత పెట్టేది పంచదారకా? మా దగ్గర వచ్చే ఆగస్టు 15 పొద్దున బడి గంట కొట్టే అవకాశాన్ని పాటకి పెట్టారు. గంట అంటే వేపచెట్టుకి వేలాడే రైలుపట్టా ముక్క, పక్కన ఒక ఇనప ఊచ. చదువుకునే రోజుల్లో దాన్ని ఒక్కసారైనా కొట్టాలని ఆశపడనివాళ్లు లేరు, అటెండరు గారు దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఇద్దరు తోడల్లుళ్లు పంతానికి పోయి దాన్ని 18 వేల దాకా లాక్కెళ్లారు. అలాంటివి నోటితోనే పాడించాలి. కాగితం మీద ఆ రేటూ రాదు, ఆ ఈలలూ ఉండవు.

కానీ ప్రతి వస్తువుకీ ఇద్దరు తోడల్లుళ్లు దొరకరు. నోటిపాటలో గెలిచినాయన తన మనసులో ఉన్నంతా పెట్టడు, రెండో ఆయన ఎక్కడ ఆగిపోతే దాని మీద వందో రెండొందలో వేస్తాడంతే. రెండో మనిషి నోరు విప్పకపోతే వస్తువు సర్కారు పాటకే పోతుంది.

నన్నడిగితే అసలు సంగతంతా ఆ నోరు విప్పడంలోనే ఉంది. పోయినేడు బండారులంక చీర ఒకటి పాటకొచ్చింది, ముదురు ఆకుపచ్చకి మామిడిపండు రంగు అంచు. పందిట్లో సగం మంది ఆడవాళ్లమే, అందరి కళ్లూ దాని మీదే. పాడింది మాత్రం నలుగురు మగవాళ్లు. మా ముందు వరసలో ఒకావిడ భర్తని మోచేత్తో పొడుస్తోంది. ఆయన వినపడనట్టు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మూడోసారి పొడిస్తే "రెండువేల ఎనిమిదొందలు" అన్నాడు, అవతలాయన మూడువేలు అనగానే మళ్లీ కాయల్లో పడ్డాడు. చీర మూడువేలకే పోయింది. మా బల్ల మీదే ఒకత్తి నాలుగున్నర వేల దాకా పెడదామనుకుందట, ఇంటికెళ్తూ చెప్పింది. "మరి పాడలేదేమే?" అంటే, "మైకులో నా పేరు పిలుస్తారు, మా మావగారు మూడో వరసలో ఉన్నారు" అంది. అది నోరు విప్పి ఉంటే బడికి ఇంకాస్త వచ్చేదే కదా.

ఈ ఏడు అలాంటి చీరే ఇంకొకటి. వస్తువు ముందు అట్టకి గుచ్చిన కాగితం, దారంతో కట్టిన పెన్ను. పేర్లు లేవు, గుమ్మంలో ఇచ్చిన నంబర్లే. సర్కారు పాట 1,500, పెంచితే కనీసం 200 పెంచాలి. నిరుటి నోరులేని పిల్లే "ఒసే, టీ తెచ్చుకుంటా" అని నాలుగుసార్లు లేచింది. అన్ని టీలు తాగే మనిషి కాదది. చీర 6,400కి పోయింది. కాగితం చూస్తే ఏడు నంబర్లు ఒకదాని కింద ఒకటి పోటీ పడి ఉన్నాయి.

విలియం విక్రీ అనే అర్థశాస్త్రవేత్త కొన్ని షరతులకి లోబడితే వాడుకలో ఉన్న వేలం పద్ధతులన్నీ సగటున ఒకే రాబడి ఇస్తాయని 1961లోనే లెక్కకట్టి చూపించాడు. 1996లో ఆయనకి నోబెల్ కూడా ప్రకటించారు. లెక్క సరైనదే. ఆయన షరతుల్లో మూడో వరసలో మావగారు లేరు, అంతే.

కాగితం పాటకి జాగ్రత్తలు కావాలి. అన్నీ ఒకేసారి మూసేస్తే ఆఖరి అయిదు నిమిషాలు బల్లల దగ్గర తొక్కిసలాటే. నాలుగేసి వస్తువుల చొప్పున, పావుగంటకోసారి మూయండి. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు, కడియం మొక్కల్లాంటి చిన్నవాటిని ముందు ముగించేస్తే, ఓడినవాళ్ల చేతిలో డబ్బు మిగిలి పెద్దవాటి మీదికి వస్తారు. ఇంకొకటి, దాతలు తెచ్చిచ్చినవే పాటకి పెట్టండి. పాత బల్లలు, బీరువాలు బడి ఆస్తి, వాటి జోలికి వెళ్లొద్దు.

వసూలు దగ్గరా నా ఓటు కాగితానికే. చాలా పందిళ్లలో లడ్డూ పాడినవాళ్లు వచ్చే చవితికి డబ్బు కడతారు, అది అక్కడ రివాజు. ఆ అలవాటు బడిలోకీ వచ్చేసింది. పోయినేడు మైకులో ఘనంగా పాడినవాళ్లలో ఇద్దరు ఇంతవరకూ కట్టలేదు. అడగాలంటే మనకే మొహమాటం. కాగితం పాటలో నంబరు చూపించి, ఫోన్‌లోనో నోట్లుగానో అక్కడికక్కడ కట్టి వస్తువు పట్టుకెళ్లాలి.

లక్కీ డ్రా సంగతి కూడా అడిగారు. టికెట్లు అమ్మి డ్రా తీస్తే అది లాటరీ కిందికొస్తుంది, మన రాష్ట్రంలో లాటరీలకి అనుమతి లేదు. వదిలేయండి. చందా పుస్తకం ఎప్పుడూ ఉన్నదే.

ఇక మా బల్ల మీద తగువు పడ్డ విషయం: అయిదుగురం కలిసి పాడాలా, ఎవరికి వారా? సరదా కలిసి పాడటంలోనే ఉంది. కానీ ఒకరి మీద ఒకరు పాడుకోమని ఒప్పందం చేసుకుంటే రేటు పెరగదు, చెరువు పాటల్లో దీన్నే సిండికేట్ అంటారు. అందుకని చీరల దగ్గర ఎవరి దారి వాళ్లది అనుకున్నాం. ఏ ఒక్కరం కొనలేని నర్సాపురం లేసు దుప్పటికి మాత్రం తలా రెండువేలు వేసుకుని ఒకే నంబరు మీద రాశాం. 9,200కి మాదైంది. ఇప్పుడది మా ఇంట్లో ఉంది, ఉగాదికి మండపేటలో ఉన్న స్నేహితురాలింటికి వెళ్లాలి. ఆ తర్వాత ఎవరి వంతన్నది ఇంకా తేలలేదు.