రురౌని కెన్షిన్ ఐదు సినిమాలు: మొదటి కథను చివర్లోనే ఎందుకు చూడాలి

జపాన్ మాంగా (కామిక్) ఆధారంగా నటులతో తీసిన ఈ సమురాయ్ సినిమాల సిరీస్ మొదలుపెట్టేవాళ్లకు ముందుగా వచ్చే సందేహం వరస గురించే. 2012 ఆగస్టులో మొదటి సినిమా వచ్చింది. 2014లో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 'క్యోటో ఇన్ఫెర్నో', 'ది లెజెండ్ ఎండ్స్' వచ్చాయి. 2020లో రావాల్సిన చివరి రెండూ కరోనా వల్ల ఆగి, 2021 ఏప్రిల్‌లో 'ది ఫైనల్', జూన్‌లో 'ది బిగినింగ్'గా విడుదలయ్యాయి. అన్నిటికన్నా ఆఖర్న వచ్చిన 'ది బిగినింగ్' కథ అన్నిటికన్నా ముందు జరుగుతుంది. అందుకే "కాలక్రమంలో చూస్తే పోలా" అని చాలామంది దానితోనే మొదలుపెడతారు. ఐదింటినీ ఆ వరసలోనూ, ఈ వరసలోనూ పదేపదే చూశాక గట్టిగా చెప్పగలిగేది ఇది: ప్రీక్వెల్‌ని ముందు చూడొద్దు. విడుదలైన వరసే సరైన వరస.

పేర్ల దగ్గర ఒక తిరకాసు ఉంది. 2012 నాటి మొదటి సినిమాకి కొన్నిచోట్ల 'ఆరిజిన్స్' అనే మాట తగిలించారు. 'ఆరిజిన్స్' అన్నా 'ది బిగినింగ్' అన్నా మొదలనే అర్థం కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేసుకోవడం సులువు. సంవత్సరం చూసి పెట్టుకోండి. ఇదే పేరుతో 1996లో ఒకటి, 2023లో ఒకటి యానిమే సీరియళ్లు కూడా ఉన్నాయి. ఇక్కడ మాట్లాడుతున్నది నటులతో తీసిన సినిమాల గురించి. ఐదూ కలిపి 683 నిమిషాలు, అంటే 11 గంటల 23 నిమిషాలు. 'క్యోటో ఇన్ఫెర్నో' సరిగ్గా కథ మధ్యలో తెగిపోతుంది కాబట్టి ఆ రెండు, మూడు భాగాలకి నాలుగున్నర గంటలు ఒకేసారి చేతిలో ఉంచుకోండి.

కథ నేపథ్యం కాస్త తెలిస్తే సగం గందరగోళం పోతుంది. 1860లలో జపాన్‌లో తోకుగావా షోగున్ (సైనిక పాలకుడి) ప్రభుత్వాన్ని దించి చక్రవర్తి పాలన తేవాలని చోషూ వంటి సంస్థానాలు పోరాడాయి. క్యోటో వీధుల్లో షోగున్ తరఫున కాపలా కాసినవాళ్లు షిన్‌సెన్‌గుమి. చోషూ తరఫున రహస్యంగా హత్యలు చేసిన కుర్రాడు కెన్షిన్, మారుపేరు బట్టోసాయి. 1868 జనవరిలో తోబా-ఫుషిమి యుద్ధంతో షోగున్ పక్షం ఓడింది. కెన్షిన్ ఇక ఎవరినీ చంపనని ఆ హత్యల కత్తి వదిలేసి, పదేళ్లు దేశదిమ్మరిగా తిరిగి, 1878లో టోక్యో చేరతాడు. మొదటి నాలుగు సినిమాలూ అక్కడి నుంచి. అప్పటికి రెండేళ్ల కిందటే సామాన్యులు నడుముకు కత్తి పెట్టుకుని తిరగకూడదని చట్టం వచ్చింది. పోలీసులు కెన్షిన్‌ని చూడగానే ఎందుకు వెంటపడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. పోలీసు దుస్తుల్లో సిగరెట్ కాల్చే 'సాయితో' అనే అతను కల్పిత పాత్ర కాదు. షిన్‌సెన్‌గుమిలో నాయకుడిగా పనిచేసి, తర్వాత పేరు మార్చుకుని నిజంగానే పోలీసు ఉద్యోగం చేసినవాడు. కెన్షిన్‌కి కూడా కవకామి గెన్సాయి అనే నిజమైన హంతకుడి ఛాయ ఉంది.

ఇక కత్తి. మామూలు కటానాకి (సమురాయ్ కత్తికి) పదును వంపు బయటి వైపు ఉంటుంది. కెన్షిన్ దగ్గరున్న సకబాతోకి పదును వంపు లోపలి వైపు, అంటే తన వైపే ఉంటుంది. మామూలుగా పట్టుకుని కొడితే ఎదుటివాడికి తగిలేది మొద్దు అంచు. ఎముక విరుగుతుంది, ప్రాణం పోదు. చంపాలంటే పిడిని అరచేతిలో తిప్పి పట్టుకోవాలి. నాలుగు సినిమాల ఉత్కంఠ అంతా ఆ ఒక్క తిప్పడం మీద నిలబడి ఉంది. మొదటి సినిమా చివర్లో హంతకుడు జినె, కెన్షిన్‌కి ఆశ్రయమిచ్చిన కావోరుని ఊపిరాడకుండా చేసినప్పుడు కెన్షిన్ చేతిలో కత్తి తిరగడం చూడండి. ఈ కత్తికి ఇంకో చిక్కుంది. పదును తిరగబడి ఉండటంతో ఒరలోంచి లాగుతూనే కొట్టే బట్టోజుత్సుకి ఇది అనువైనది కాదు. అందుకే ఆ పోరులో కత్తి వేటు తప్పినా, దాని వెనకే ఒర వచ్చి మోచేతిని విరగ్గొడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ రెండో దెబ్బ కంటికి ఆనదు. ఒకసారి వెనక్కి వెళ్లి ఎడమ చేతిని మాత్రమే చూడండి.

ఫైట్లు కూర్చింది కెంజి తనిగాకి. హాంకాంగ్‌లో డానీ యెన్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. పాత సమురాయ్ సినిమాల్లో ఇద్దరు చాలాసేపు కదలకుండా నిలబడి ఒక్క వేటుతో ముగిస్తారు. ఇక్కడ అలా ఉండదు. కెన్షిన్ బాగా వంగి పరిగెత్తుతాడు, నేలకి ఒక చేయి ఆనించి జారుతూ దిశ మారుస్తాడు, గోడ మీద రెండడుగులు వేసి వెనక నుంచి వస్తాడు. మన సినిమాల్లో ఒక దెబ్బకి మనిషి గాల్లో పల్టీలు కొట్టి స్లోమోషన్‌లో పడటం అలవాటైన కంటికి ఇందులో దెబ్బ తిన్నవాడు అక్కడికక్కడే కుప్పకూలడం ముందు వెలితిగా అనిపిస్తుంది. పది నిమిషాల్లో ఆ బరువే నచ్చడం మొదలవుతుంది. కెన్షిన్‌గా వేసిన టకేరు సాటో ముఖం దాచకుండా, తెగిపోని షాట్లలో ఇది చేయడం వల్ల నమ్మకం కుదురుతుంది.

మొదటి సినిమాలో విలన్ కన్ర్యూ భవంతి దాడిలో ముసుగు మనిషి గెయిన్‌తో కెన్షిన్ పోరు సిరీస్ మొత్తంలోనే అతి దగ్గర నుంచి జరిగే ఫైటు. ఇద్దరి మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. పక్కన వంటగదిలో కెన్షిన్ స్నేహితుడు సనోసుకె, కన్ర్యూ మనిషి బంజిన్ కొట్టుకుంటూ మధ్యలో ఆగి మాంసం తిని, మందు తాగి, మళ్లీ కొట్టుకుంటారు. ఈ రెండూ ఒకే చోట ఇమడటం ఆ సినిమా బలం. బలహీనత ఏమిటంటే, మాంగాలో కన్ర్యూకి కాపలాగా ఉండే అవోషిని ఇందులో తీసేశారు. అతని నలుగురు అనుచరులు గ్యాట్లింగ్ తుపాకీకి బలవడమే అతని పగకి మూలం. అది లేకపోవడంతో రెండో సినిమాలో అవోషి ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు వచ్చి, చిన్న ఫ్లాష్‌బ్యాక్‌తో సరిపెట్టి, కెన్షిన్‌ని చంపుతానని తిరుగుతాడు. యూసుకె ఇసెయా ఎంత కష్టపడి నటించినా ఆ పాత్ర నిలబడలేదు. ఇది నటుడి తప్పు కాదు, మొదటి సినిమా స్క్రిప్టులో పడిన చిల్లు.

'క్యోటో ఇన్ఫెర్నో' మొదటి పది నిమిషాలకే ఈ సిరీస్ స్థాయి మారిపోతుంది. ఒళ్లంతా కాలి, కట్లు చుట్టుకున్న విలన్ షిషియో పోలీసులను మంటల మీద వేలాడదీస్తాడు. ఆ పాత్ర వేసిన తత్సుయా ఫుజివారాకి ముఖంలో కళ్లు, నోరు మాత్రమే మిగిలాయి. ఆ రెండిటితోనే నడిపించాడు. షింగెత్సు గ్రామంలో షిషియో అనుచరుడు సోజిరో చేతిలో సకబాతో విరిగిపోవడం, కొత్త కత్తి కోసం వెతుకులాట, గుడి నేల కింద షిషియో మనిషి 'చో'తో పోరు... ఈ మధ్య భాగమే ఐదు సినిమాల్లోనూ బిగువైన కథనం. కొత్త కత్తి దొరికాక దాన్ని ఒరలోంచి తీయడానికి కెన్షిన్ ఎంత వెనకాడతాడో గమనించండి. అది మామూలు కత్తయితే అతని పదేళ్ల మాట అక్కడితో పోతుంది.

'ది లెజెండ్ ఎండ్స్' గురించి మిశ్రమ అభిప్రాయమే చెప్పాలి. గురువు హికో దగ్గర శిక్షణ చాలాసేపు సాగుతుంది. అందులో అసలు విషయం పాదానిది. ఒరలోంచి కత్తి లాగే యుద్ధవిద్యలో ఎప్పుడూ కుడి కాలే ముందు. ఎడమ కాలు ముందుకు వేస్తే లాగిన కత్తి తన కాలినే కోస్తుంది. చివరి విద్యలో ఆ ఎడమ అడుగే కీలకం, అది వేయాలంటే బతకాలన్న కోరిక ఉండాలి. ఈ ముక్క తెలియకుండా చూస్తే ముగింపు ఫైటులో ఏం మారిందో పట్టుకోలేరు. ఓడ మీద షిషియో ఒక్కడు, ఇటు కెన్షిన్‌తో కలిపి నలుగురు. ఈ భాగం ఎన్నిసార్లు చూసినా తగ్గదు. కాలిన ఒంటికి చెమట పట్టదు కాబట్టి పదిహేను నిమిషాలు దాటితే శరీరం తట్టుకోలేదు. అతన్ని ఓడించేది కత్తికన్నా అతని ఒంటి వేడే. నచ్చనిది షిషియో ముఠా జుప్పోంగతానా సంగతి. పది మంది కత్తులని ఊరించి, చాలామందికి రెండు మాటలు కూడా ఇవ్వలేదు. వాళ్లలో ఒకడైన ఉసుయిని పోలీసు 'సాయితో' క్షణాల్లో ముగించేస్తాడు. పైగా కెన్షిన్‌పైనే ఫిరంగులు పేల్చిన ప్రభుత్వం చివర్లో వరసగా నిలబడి సెల్యూట్ చేస్తే అంతా సరిపోయినట్టు చూపడం మింగుడుపడదు.

'ది ఫైనల్' యాక్షన్ పరంగా అన్నిటికన్నా భారీ. రైల్లో విలన్ ఎనిషి పోలీసులను చితక్కొట్టే మొదటి సీనే చాలు. ఆ పాత్ర వేసిన మాకెన్యూ అలనాటి యాక్షన్ నటుడు సోనీ చిబా కొడుకు. అయితే మధ్యలో దాడి తర్వాత దాడి వస్తూ అలుపొస్తుంది, ఎనిషి అనుచరులెవరో గుర్తుండదు. మాంగాలో లేనిదైనా సోజిరో తిరిగొచ్చి కెన్షిన్ పక్కన నిలబడటం మాత్రం బాగా కుదిరింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడి నుంచి కథ గుట్టు బయటపడుతుంది, చూడనివాళ్లు చివరి పేరాకి వెళ్లొచ్చు. ఎనిషి అక్క తొమోయె కెన్షిన్ భార్య, ఆమెని చంపింది కెన్షినే. ఈ విషయం 'ది ఫైనల్'లోనే చెప్పేస్తారు. అయితే తర్వాత వచ్చే 'ది బిగినింగ్'లో ఇక ఏం మిగిలింది అని అడిగేవాళ్లున్నారు. మిగిలిందే ఎక్కువ. శాంతంగా బతికే హీరో, ఇంటర్వెల్ తర్వాత రక్తపు ఫ్లాష్‌బ్యాక్, ఈ పద్ధతి తెలుగు ప్రేక్షకులకి కొత్త కాదు. మన దగ్గర ఆ ఫ్లాష్‌బ్యాక్‌కి ఈలలు పడతాయి. ఇక్కడ ఫ్లాష్‌బ్యాకే 137 నిమిషాల పూర్తి సినిమా, అందులో ప్రతి వేటు తర్వాత ఇతను ఆ పని చేయకుండా ఉంటే బాగుండు అనిపిస్తుంది. అలా అనిపించాలంటే నాలుగు సినిమాల పాటు అతను చంపకుండా ఉండటానికి పడిన పాట్లు మనం చూసి ఉండాలి. ముందే చూస్తే ఇది ఒక నెమ్మదైన విషాద ప్రేమకథ, అంతే. పైగా 'ది ఫైనల్'లో దాచిన గుట్టు కూడా పోతుంది.

ఫైట్ల భాషే మారిపోతుంది. మొదటి సీన్లో చేతులు కట్టేసిన కెన్షిన్ ఒకడి చెవి కొరికి, కత్తిని పళ్లతో పట్టుకుని నరుకుతాడు. విన్యాసాలు లేవు, రెండో దెబ్బ అవసరం ఉండదు. సకబాతోతో ఒక్కొక్కడిని నాలుగైదు సార్లు కొట్టాల్సి వచ్చేది, ఇక్కడ ఒక్క వేటు. కెన్షిన్ నరికినవాళ్లలో 'కియోసాతో' అనే ఒకడు మాత్రం పడినా మళ్లీ లేస్తాడు, బతకాలని. కెన్షిన్ చెంప మీది మొదటి గాటు అతను పెట్టినదే. పెళ్లి కావాల్సిన అతని మనిషే తొమోయె. రెండో గాటు మంచులో, ఆమె చేతిలోని బాకుతో పడుతుంది. ఆ అడవిలో శత్రువులు కెన్షిన్ ఇంద్రియాలను ఒక్కొక్కటే తీసేస్తారు: పేలుడుతో వినికిడి, చలితో స్పర్శ, మంచు మెరుపుతో చూపు. చూపు మసకబారినవాడు గుడ్డిగా వేసిన వేటుకి ఆమె అడ్డొస్తుంది. తొమోయెగా వేసిన కసుమి అరిమురా ముఖంలో మార్పు కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. రెండోసారి చూస్తే ప్రతి చూపుకీ ఇంకో అర్థం దొరుకుతుంది.

లోపాలు లేకపోలేదు. మొదటి గంట నెమ్మది, రంగులన్నీ బూడిద. అడవిలో కెన్షిన్‌ని ఎదిరించే తత్సుమి ముఠాకి వ్యక్తిత్వం లేదు. షిన్‌సెన్‌గుమి వీరుడు ఒకితా సోజితో ద్వంద్వం పుంజుకుంటుండగా అతను రక్తం కక్కడంతో ఆగిపోతుంది. నిజ జీవితంలో కూడా అతను క్షయతో 1868లో పోయాడు కాబట్టి దాన్ని తప్పు పట్టలేం. వయసు లెక్క మాత్రం తలకిందులు. 1878లో ఇరవై ఎనిమిది దాటిన కెన్షిన్‌ని సాటో ఇరవైల మొదట్లోనే వేశాడు. 1864 నాటి పదిహేనేళ్ల కుర్రాడిని ముప్పై దగ్గరపడ్డాక వేశాడు. నటనతో చాలావరకు కప్పాడు గానీ తొమోయె అతన్ని పిల్లాడిలా చూసే చోట తేడా తెలుస్తుంది. దర్శకుడు కెయిషి ఒతొమో అంతకుముందు 2010లో తీసిన చారిత్రక టీవీ సీరియల్లో ఇదే సాటో ఒకాదా ఇజో అనే హంతకుడిగా చేశాడు. ఆ పాత్ర చూసినవాళ్లకి 'ది బిగినింగ్' అక్కడి నుంచే నడిచి వచ్చినట్టుంటుంది.

ఆడియో జపనీస్‌లోనే పెట్టుకోండి. టోక్యో కెన్షిన్ తనని తాను 'సెస్షా' అంటాడు, మాట చివర 'దె గొజారు' చేరుస్తాడు. మన చెవికి పాత నాటకంలో "ఈ దీనుడు" అన్నట్టుండే అణకువ అది. 'ది బిగినింగ్'లో అదే నోట వినిపించేది 'ఒరె', అంటే మొరటు 'నేను'. సబ్‌టైటిల్స్‌లో రెండూ ఒక్కలాగే పడతాయి. డబ్బింగ్‌లో ఈ తేడా పూర్తిగా మాయం. పాటల కోసమైనా చివరి పేర్లు పడేదాకా ఆపకండి. ఐదింటికీ వన్ ఓకే రాక్ బృందమే పాడింది.

చివరగా, 'ది బిగినింగ్' అయిపోయిన వెంటనే, అదే రాత్రి, 2012 సినిమా పెట్టి మొదటి పది నిమిషాలు చూడండి. అదే తోబా-ఫుషిమి, అదే మంచు, అదే బురద. మొదటిసారి చూసినప్పుడు అదొక పరిచయ సన్నివేశం. ఇప్పుడు కెన్షిన్ నేలలో గుచ్చి వదిలేసి వెళ్తున్నది ఏ కత్తో, ఎవరి నెత్తురు తాగిందో తెలుసు. అతను కనుమరుగయ్యాక శవాల మధ్య నుంచి జినె లేచి ఆ కత్తి అందుకుంటాడు. పదేళ్ల తర్వాత టోక్యోలో బట్టోసాయి పేరు చెప్పి మనుషుల్ని చంపేది ఆ కత్తితోనే.