రెడ్‌ఫిష్ కోసం గైడును మాట్లాడుకునే ముందు: గాల్వెస్టన్, రాక్‌పోర్ట్, హోప్‌డేల్

హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళలో చేపలు తినేవాళ్ళకి కొదవ లేదు. పట్టడానికి వెళ్ళేవాళ్ళే తక్కువ. వెళ్ళినా దగ్గర్లోని గాల్వెస్టన్ తీరంలో ఏ చెక్క వంతెన మీదో మధ్యాహ్నం దాకా నిలబడి, హార్డ్‌హెడ్ క్యాట్‌ఫిష్ ముల్లు గుచ్చుకుని తిరిగి రావడమే. పడవ, గాలాలు, ఎర అన్నీ తనే తెచ్చుకుని, చేప ఉన్న చోటికి తీసుకెళ్ళే గైడు సంగతి ఎత్తితే "అంత డబ్బా!" అంటారు. డబ్బు ఎక్కువే. సగం రోజుకి ఇద్దరికైతే 500 నుంచి 700 డాలర్లు, నలుగురికైతే ఇంకాస్త ఎక్కువ చెప్పారు నాకు. దానిపైన 15 నుంచి 20 శాతం టిప్పు. ఎవరిని తీసుకెళ్తున్నాం, చేపను ఏం చేద్దామనుకుంటున్నాం అన్నది తేల్చుకోకుండా ఆ డబ్బు కడితే మాత్రం నిజంగానే దండగ.

మా ఇంట్లో ఆ రెండిటికీ జవాబు ముందే ఉంది. తీసుకెళ్ళాల్సింది భీమవరం నుంచి వచ్చిన మామగారిని, అత్తగారిని. చేప పులుసులోకి.

రెడ్‌ఫిష్‌ని సర్కారీ కాగితాల్లో రెడ్ డ్రమ్ అని రాస్తారు. మన తీరంలో లక్షలు పలికిందని పేపర్లో ఫొటో వేస్తుంటారే, ఆ కచిడి చేప కుటుంబమే ఇది కూడా. రాగిరంగు ఒళ్ళు, తోక మొదట్లో నల్లమచ్చ. కొన్నిటికి ఒక్కటే, కొన్నిటికి వరసగా నాలుగైదు. చిన్నప్పుడు మూడు నాలుగేళ్ళు ఉప్పుటేళ్ళలో, గడ్డి మడుగుల్లో పీతలూ రొయ్యలూ తిని పెరుగుతుంది. ఈడొచ్చాక సముద్రంలోకి పోయి గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టే పెద్దవాటిని కాపాడాలి కాబట్టి మధ్య సైజువే ఉంచుకోనిస్తారు. టెక్సాస్‌లో 20 నుంచి 28 అంగుళాలు, మనిషికి రోజుకి 3. అంతకన్నా పెద్దది ఉంచుకోవాలంటే లైసెన్సుతో వచ్చే ట్యాగు కట్టాలి. లూసియానాలో 2024 జూన్ 20 నుంచి 18 నుంచి 27 అంగుళాలు, మనిషికి 4. 27 దాటితే ఎంత ముద్దొచ్చినా నీళ్ళలోకే. గైడు వాటా రెండు రాష్ట్రాల్లోనూ లెక్కలోకి రాదు. "నాది కూడా మీరే తీసుకెళ్ళండి" అనే గైడు దొరికితే సంతోషించకండి, పడవ దిగండి.

"ఇంత గొడవెందుకు, దుకాణంలో కొంటే పోలా?" అన్నారు మామగారు. సముద్రంలో పట్టిన రెడ్‌ఫిష్‌ని టెక్సాస్‌లో అమ్మకూడదు. 1981లోనే నిషేధించారు. ఆ దశకంలోనే న్యూ ఆర్లీన్స్‌లో పాల్ ప్రుడోమ్ అనే షెఫ్ మసాలా పట్టించి, ఇనప పెనం మీద నల్లగా కాల్చిన రెడ్‌ఫిష్‌ని దేశమంతటికీ అలవాటు చేశాడు. గిరాకీ పెరిగేసరికి గల్ఫ్‌లో పెద్ద చేపల గుంపులకి గుంపులే వలల్లోకి పోయాయి. ఫెడరల్ జలాల్లో వేట మూసేశారు. 2007లో అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆ రక్షణ ఇంకా గట్టిపడింది. కాబట్టి ఇక్కడ హోటళ్ళలో వడ్డించేది చాలావరకు చెరువుల్లో పెంచిందే. చెరువు చేపకీ ఏటి చేపకీ తేడా భీమవరం మనిషికి నేను చెప్పాలా!

ముందు గాల్వెస్టన్ గురించి, క్లుప్తంగా. మాకు దగ్గర. పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు, బస ఖర్చు లేదు. శరదృతువులో ఓడల దారి పక్కన సముద్రంలోకి కట్టిన రాళ్ళ గట్ల (జెట్టీల) దగ్గరికి 'బుల్ రెడ్' అనే పెద్ద చేపలు వస్తాయి, గాలం కడ్డీ విల్లులా వంగిపోతుంది. కుర్రాళ్ళకి అది చాలు. కానీ అవి దాదాపు అన్నీ ఫొటో తీసుకుని వదిలెయ్యాల్సినవే, వండినా కండ ముతక. పైగా ఓడల అలలకి పడవ ఊగుతుంటే అత్తగారు కళ్ళు మూసుకుని రామనామం అందుకున్నారు. పెద్దవాళ్ళతో గాల్వెస్టన్ జెట్టీ వద్దు.

టెక్సాస్ తీరంలోనే ఉన్న రాక్‌పోర్ట్ మాకు కారులో దాదాపు మూడు గంటలు. తీరానికి అడ్డుగోడలా ఉన్న ఇసుక దీవుల వెనక అరన్సాస్ బే, కొపానో బే, రెడ్‌ఫిష్ బే. అలలు లేని ఉప్పునీళ్ళు. చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. అడుగున సముద్రపు గడ్డి పచ్చికబయలులా పరుచుకుని ఉంటుంది. రెడ్‌ఫిష్ బేలో ఆ గడ్డిని మోటారు రెక్కలతో పెరికితే 2006 నుంచి నేరం. మంచి గైడు ఎవరో తెలుసుకోవడానికి ఇదొక గుర్తు: గడ్డి దగ్గరికి రాగానే మోటారు పైకెత్తి, గెడతోనో చిన్న ఎలక్ట్రిక్ మోటారుతోనో తోస్తాడు. మా గైడు అలాగే చేశాడు. ఇంకో పడవ మట్టి లేపుకుంటూ అడ్డంగా దూసుకుపోతే నోటికొచ్చినట్టు తిట్టి, ఆడవాళ్ళున్నారని గుర్తొచ్చి టోపీ తీసి క్షమాపణ చెప్పాడు.

ఇక్కడ ఎక్కువమంది గైడులు వాడేది బే బోటు. వెడల్పుగా, నిలకడగా ఉంటుంది, నలుగురు సుఖంగా కూర్చోవచ్చు. మామూలు కోస్ట్‌గార్డ్ లైసెన్సు ఉన్న కెప్టెను డబ్బు కట్టినవాళ్ళని ఆరుగురికి మించి ఎక్కించుకోకూడదు. ఆరుగురంటే ఈ పడవల్లో గాలాలు ఒకదానికొకటి చుట్టుకోవడమే, నలుగురికి ఆపండి. ఎర బతికున్న రొయ్య. పైన పాపింగ్ కార్క్, అంటే మన బెండే, కాకపోతే లాగినప్పుడల్లా 'గ్లప్' మని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడుకి చేప వస్తుంది. గాలం ఎప్పుడూ పట్టని అత్తగారికి అది నేర్పడం తేలికైంది. బెండు మునిగిందంటే చుట్టడమే. మామగారు మాత్రం చిన్నప్పటి కాలవగట్టు అలవాటుతో కడ్డీ పక్కన పెట్టి, దారం వేలికి చుట్టుకుంటానన్నారు. గైడు భయపడ్డాడు, నిజంగా. అయిదారు పౌండ్ల రెడ్‌ఫిష్ ఒక్క ఊపున పరిగెడితే అల్లిక దారం వేలు కోస్తుంది.

ఒక సంగతి ఏ గైడూ తనంతట చెప్పడు, మనం అడగాలి. పడవలో టాయిలెట్ ఉంటుందా? చిన్న పడవల్లో చాలావాటికి ఉండదు. మగవాళ్ళకి గైడులు చూపించే ఉపాయం ఆడవాళ్ళకి పనికిరాదు. రాక్‌పోర్ట్ గైడుతో ముందే మాట్లాడుకున్నాం కాబట్టి మధ్యలో ఒకసారి ఒడ్డుకి తెచ్చాడు, ఆ అరగంట లెక్కలోంచి కొయ్యలేదు కూడా. నా దృష్టిలో నాలుగు చేపలు ఎక్కువ పట్టించే గైడు కన్నా ఇతనే మెరుగు.

బస విషయంలో మూడింట్లోనూ రాక్‌పోర్టే ముందు. 2017 ఆగస్టులో హార్వే తుఫాను ఈ ఊరి మీదే విరుచుకుపడింది. తర్వాత కట్టినవి, బాగుచేసినవి చాలానే ఉన్నాయి. పక్కనే ఉన్న ఫుల్టన్ వైపు వంటగది, సొంత చెక్క వంతెన, రాత్రి నీళ్ళ మీద దీపం ఉన్న కాటేజీలు అద్దెకిస్తారు. చేప కోసుకోవడానికి బయటే బల్ల, కుళాయి. ఇంట్లో చేప వండితే 'వాసన రుసుము' వేస్తామని ఒప్పందంలో రాసుకునేవాళ్ళు కూడా ఉన్నారు, చిన్న అక్షరాలు చదువుకుని బుక్ చెయ్యండి. మేం దిగినచోట పొయ్యి బయట వరండాలో ఉంది. ఇంగువా ఆవాలూ ఎంత చిటపటలాడినా అడిగేవాళ్ళు లేరు. శీతాకాలంలో వెళ్తే దగ్గర్లోని అరన్సాస్ అభయారణ్యానికి హూపింగ్ కొంగలు వస్తాయి. మనిషెత్తు తెల్లటి పక్షులు. చేపల మీద మనసు లేని పిల్లలకి అదొక ఆటవిడుపు.

ఇక హోప్‌డేల్. లూసియానాలో న్యూ ఆర్లీన్స్ దాటాక ఇంకో ముప్పావు గంట ప్రయాణం, సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో (పారిష్ అంటే మన జిల్లా లాంటిది) రోడ్డు నీళ్ళలో కలిసిపోయే కొన. 18వ శతాబ్దంలో కానరీ దీవుల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ సంతతి ఈ పల్లెల్లో ఇప్పటికీ రొయ్యలూ పీతలూ పడుతూ బతుకుతోంది. 2005 కత్రినా తుఫాను తర్వాత ఇళ్ళన్నీ ఎత్తైన స్తంభాల మీద కట్టుకున్నారు. కింద పడవ, పైన సంసారం.

చేపల సంగతికొస్తే హోప్‌డేల్‌కి సాటి లేదు. కనుచూపు మేర గడ్డి దుబ్బులు, మధ్యలో పాయలు, పాయల్లోంచి మడుగులు. రెడ్‌ఫిష్ అంత తక్కువ నీళ్ళలో తిరుగుతుంటే వీపు బయటికి కనిపిస్తుంది. అలా కనిపించిన చేపకే గురిచూసి ఎర వెయ్యడం కోసం దేశం నలుమూలల నుంచీ వస్తారు. దానికి వేరే పడవ, వేరే గైడు. స్కిఫ్ అనే తేలికపాటి చిన్న పడవలో వెనక మంచె మీద నిలబడి గెడ వేస్తాడు, ముందు ఒక్కరే నిలబడి విసరాలి. ఇద్దరికి మించి ఎక్కించుకోడు. చాలామంది చేపను వదిలేస్తారు కూడా. ఫోన్లో గైడు "పోలింగ్ స్కిఫ్" అంటే అదన్నమాట. తినడానికి వెళ్ళే కుటుంబం ఇక్కడ కూడా బే బోటే అడగాలి. మేం నవంబరులో వెళ్ళాం. ఉత్తరగాలి నీటిని సముద్రంలోకి నెట్టేస్తే మడుగుల్లో చేపలు లోతైన మలుపుల దగ్గర గుమిగూడుతాయి. గల్ఫ్‌లో పోటు–పాటు తేడా తక్కువ, నీటిమట్టం మార్చేది గాలే. మిగతా పడవలు వెతుక్కుంటుంటే మా గైడు ఒకే మలుపులో లంగరు వేసి, కదలకుండా అందరి కోటా పూర్తి చేయించాడు.

ఆ గైడే గడ్డి లేని ఖాళీ నీళ్ళు చూపించి "మా నాన్న ఇక్కడ గొడ్లు కట్టేవాడు" అన్నాడు. 1930ల నుంచి లూసియానా తీరం దాదాపు 2,000 చదరపు మైళ్ళ నేల పోగొట్టుకుంది. చేపలు దండిగా ఉన్నది కూడా కొంత ఆ కరిగే గడ్డి అంచుల వల్లనేనట. విని మామగారు చాలాసేపు మాట్లాడలేదు. కొల్లేరు చూసిన మనిషి.

బస మాత్రం నాసి. ఇక్కడ 'క్యాంపు' అంటే స్తంభాల మీది ఇల్లు, రెండంతస్తుల మంచాలు, ఒకే బాత్రూము. మేం దిగిన క్యాంపులో కిటికీ జాలీ చిరిగిపోయి, కంటికి కనపడని పురుగులు రాత్రంతా కుట్టాయి. యజమానికి ఫోన్ చేస్తే టేపు అంటించుకోమన్నాడు. మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నరకం. చుట్టుపక్కల సరైన కిరాణా లేదు, దారిలో ఉన్న ఛాల్‌మెట్ ఊళ్ళోనే అన్నీ కొనుక్కుని రావాలి. చింతపండు, కారం, నువ్వులనూనె ఇంటి నుంచే. పెద్దవాళ్ళుంటే న్యూ ఆర్లీన్స్‌లోనే హోటల్ తీసుకుని, తెల్లవారుజామున కారులో రండి. ఆ దారిలో శీతాకాలం పొగమంచు పడుతుంది, కాస్త ముందే బయల్దేరాలి.

లైసెన్సు సంగతి. టెక్సాస్‌లో 17 ఏళ్ళు నిండినవాళ్ళకి కావాలి. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి ఒక్కరోజు 'ఆల్ వాటర్' లైసెన్సు చాలు, ఉప్పునీటి వేట అందులోనే కలిసి ఉంటుంది. లూసియానాలో గైడు పడవ ఎక్కేవాళ్ళకి విడిగా తక్కువ రోజుల లైసెన్సు అమ్ముతారు. రెండూ ఫోన్లోనే కొనుక్కోవచ్చు, రేవు దగ్గర సిగ్నల్‌ని నమ్ముకోకుండా ముందురోజు రాత్రే.

బుక్ చేసేటప్పుడు ఫొటోలు చూసి మోసపోవద్దు. అందరి ఫొటోల్లోనూ పెద్ద చేపలే. ఫోన్ చేసి మాట్లాడండి. ఎర, ఐసు, పెట్రోలు ధరలో కలిసే ఉన్నాయా? గాలి ఎక్కువైతే వాయిదా ఎవరు చెప్తారు, అడ్వాన్సు వెనక్కిస్తారా, ఇంకో తేదీకి మార్చడమేనా? గాల్వెస్టన్‌లో ఒకాయన ముందురోజు సాయంత్రం గాలి లెక్క చూసి తనే రద్దు చేసి డబ్బు పంపేశాడు. ఇంకో చోట ఇంకొకాయన "వచ్చాం కదా" అంటూ తెల్లటి అలల మధ్యకి తీసుకెళ్ళి, తడిసి ముద్దయ్యాక వెనక్కి తిప్పి పూర్తి డబ్బు తీసుకున్నాడు.

ఇంకొకటి కూడా అడగాలి: తలకాయలిస్తారా? ఇక్కడ శుభ్రం చెయ్యడమంటే రెండు వైపులా కండ కోసుకుని, తల, ఎముక, తోక పెలికాన్లకి విసిరెయ్యడం. పొలుసూ తోలూ ఉంచి కోస్తే దాన్ని 'హాఫ్ షెల్' అంటారు, నిప్పుల మీద కాల్చడానికి బాగుంటుంది. పులుసుకి మాత్రం ముక్కలు ముల్లుతోనే ఉండాలి, తలకాయ లేకపోతే అది పులుసే కాదంటారు అత్తగారు. టెక్సాస్‌లో ఎలాగూ ఒడ్డుకి చేరేదాకా తలా తోకా తియ్యకూడదు. కాబట్టి కోసేది బల్ల దగ్గరే, మనం పక్కనే నిలబడి చెప్పుకోవచ్చు. పొలుసు గోరంత మందం, గైడు కత్తికి పని ఎక్కువ. దానికి టిప్పు విడిగా ఇవ్వండి.

రాక్‌పోర్ట్ బల్ల దగ్గర మా గైడు తలకాయలు వేరే సంచిలో పెడుతుంటే, పక్క పడవవాళ్ళు వింతగా చూసి "మావి కూడా కావాలా?" అన్నారు. నేను మర్యాదగా వద్దనబోయాను. "తీసుకోండి అల్లుడుగారూ, ఏం మొహమాటం" అంటూ మామగారు అప్పటికే సంచి నోరు తెరిచి పట్టుకున్నారు. ఐసు పెట్టె రెండోది కొనాల్సి వచ్చింది.